బిల్ కలెక్టర్ తొలగింపు: ఉత్తర్వు రద్దయినా పెన్షన్ ఎందుకు తగ్గుతుంది?

ఇది ఒక్క మనిషి ఫైలు కాదు. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల్లో ఇంటిపన్ను వసూలు సిబ్బందిపై ఒకే మూసలో నడిచే క్రమశిక్షణ కేసులను కలిపి కూర్చిన నమూనా కేసు. జీతం అంకెల్ని లెక్క సులువుగా అర్థం కావడానికి గుండ్రం చేశాం. నియమాలు, సుప్రీంకోర్టు తీర్పులు మాత్రం ఉన్నవే.

ఉద్యోగి పుట్టింది 1962 జూన్ 10న. 1991 జూన్ 10న రెగ్యులర్ బిల్ కలెక్టర్‌గా చేరాడు. 2004 సెప్టెంబరు 1కి ముందు నియామకం కాబట్టి సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే కొత్త పెన్షన్ పథకం) వర్తించదు, 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సే దిక్కు. 2015 ఫిబ్రవరిలో సస్పెండ్ చేశారు. ఛార్జి మెమో మాత్రం 2016 మార్చిలో చేతికొచ్చింది. 2010–12 మధ్య 38 రసీదులపై వసూలైన రూ.1,46,320 సకాలంలో జమ చేయకుండా తాత్కాలికంగా వాడుకున్నాడన్నది అభియోగం. ఆడిట్ అభ్యంతరం రాగానే ఆ మొత్తం కట్టేశాడు. 2017 నవంబరు 30న ఉద్యోగం నుంచి తొలగించారు. అప్పీలు రెండు వాక్యాల్లో కొట్టేశారు. 2018లో అప్పటి ఉమ్మడి హైకోర్టులో రిట్ పడింది. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోయాక ఫైలు అమరావతికి వెళ్లింది. 2024 ఆగస్టులో తీర్పు వచ్చేసరికి అతని పదవీ విరమణ తేదీ దాటిపోయింది.

కేసు గెలిచాడు. అయినా మునిసిపాలిటీ వేసిన తొలి పెన్షన్ లెక్క నెలకు రూ.12,045. రావలసింది రూ.25,000. ఈ తేడా తొలగింపు ఉత్తర్వులో పుట్టలేదు. రిట్‌లో ఏం అడిగారు, తీర్పులో ఏ మాటలు పడ్డాయి అన్నదగ్గర పుట్టింది.

విచారణ ఫైల్లో ఏముంది

మొదట తెప్పించుకోవలసింది తొలగింపు ఉత్తర్వు కాదు, విచారణ రోజువారీ పత్రాలు. విచారణాధికారి ఏ తేదీన ఎవరిని పిలిచాడు, ఎవరు సంతకం పెట్టారు, ఏ పత్రానికి ఏ నంబరు పడింది అన్నది అందులోనే ఉంటుంది. వాటితోపాటు నియామక ఉత్తర్వు, నాలుగు అనుబంధాలతో ఛార్జి మెమో, విచారణ నివేదిక, ఆఫీసు నోట్ ఫైలు, సర్వీసు రిజిస్టరు నకలు కావాలి. ఆఫీసు ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. విచారణ ముగిసి ఉత్తర్వు వెలువడ్డాక ‘దర్యాప్తులో ఉంది’ అనే సాకు నిలవదు.

నియామక ఉత్తర్వు ఎందుకంటే, దాని మీద సంతకం ఎవరిదో చూడాలి. నియమించిన స్థాయి కన్నా కింది అధికారి తొలగించలేడు. ఇక్కడ చాలా పిటిషన్లు నేరుగా రాజ్యాంగం 311వ అధికరణ పట్టుకుంటాయి. అది ప్రభుత్వం కింద సివిల్ పోస్టులో ఉన్నవారికి. మునిసిపాలిటీ సొంత ఉద్యోగికి ఆ రక్షణ నేరుగా రాదు, కౌంటర్‌లో (జవాబు అఫిడవిట్‌లో) అవతలివాళ్లు మొదట రాసేది ఇదే. అతనికి వర్తింపజేసిన 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్‌నే ఆధారం చేసుకోవాలి. భారీ శిక్షకు 20వ రూలు విధానం, నివేదిక వచ్చాక 21వ రూలు. సహజ న్యాయసూత్రాలు ఎలాగూ ఉన్నాయి.

ఈ ఫైల్లో నాలుగు లోపాలు కనిపించాయి. అన్నిటికీ ఒకే బరువు లేదు.

విచారణాధికారి ఒక్క సాక్షిని కూడా పిలవలేదు. డిమాండ్ రిజిస్టరు, రసీదు పుస్తకాల జిరాక్సులు, ఆడిట్ స్లిప్పు ముందు పెట్టుకుని ఉద్యోగికి పదకొండు ప్రశ్నలు వేసి సంతకం పెట్టించుకున్నాడు. ఆఫీసు తరఫున అభియోగం వినిపించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఒకరున్నారని కాగితాల్లో ఉంది, ఏ రోజూ హాజరు లేదు. ఛార్జి మెమో నాలుగో అనుబంధంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అకౌంటెంట్ సాక్షులుగా ఉన్నారు. వాళ్లను పిలవకపోవడానికి కారణం రాయలేదు. రూప్‌సింగ్ నేగి కేసులో (2009) సుప్రీంకోర్టు చెప్పింది ఇదే సంగతి: పత్రం దానంతటదే రుజువు కాదు, దాన్ని తెలిసినవాడు వచ్చి చెప్పాలి. డబ్బు కట్టేస్తూ ఇచ్చిన చీటీని ‘తప్పు ఒప్పుకోలు’గా నివేదికలో రాశారు. చీటీలో ఉన్నదల్లా ‘ఆడిట్ చూపిన మొత్తం జమ చేస్తున్నాను’ అని. జమ చేయడం వేరు, వాడుకున్నానని ఒప్పుకోవడం వేరు.

నివేదిక నకలు తొలగింపు ఉత్తర్వుతో కలిపి ఇచ్చారు. ఇది హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో (కరుణాకర్, 1993) రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన లోపం. అయితే ఆ తీర్పు చివరిదాకా చదవాలి. నకలు అందనందువల్ల నష్టం జరిగిందని చూపించాలి, చూపించినా కోర్టు ఇచ్చేది ఆ దశ నుంచి విచారణ కొనసాగించే అనుమతితో కూడిన రద్దే. మధ్యకాలం జీతం సంగతి ఆ తర్వాతి ఫలితాన్ని బట్టి ఆఫీసే తేలుస్తుంది. దీన్నే మొదటి పాయింటుగా పెట్టి వాదించేవాళ్లు గెలిచి మళ్లీ అదే కమిషనర్ గది ముందు నిలబడతారు.

మూడోది, ఉత్తర్వులో ‘గతంలో కూడా ఇతనికి సెన్షూర్ శిక్ష ఉంది’ (సెన్షూర్ అంటే మందలింపు) అన్న వాక్యం. ఛార్జి మెమోలో ఆ మాట లేదు. పాత శిక్షను బట్టి బరువు పెంచదలచుకుంటే ముందే చెప్పి జవాబు అడగాలని 1963లోనే మాంచేగౌడ కేసులో తేలింది. శిక్ష తీవ్రత మీద పనికొచ్చే పాయింటు, అభియోగం మీద కాదు.

నాలుగోది జాప్యం. 2010–12 సంగతికి 2016లో మెమో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రాధాకిషన్ కేసు (1998) దీనికి ప్రధాన ఆధారం. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ పట్టణ ప్రణాళికా విభాగంలో 1987 నాటి ఆరోపణలకు 1995లో ఇచ్చిన మెమో అది, జాప్యానికి వివరణ లేక రద్దయింది. అంత ఆలస్యం మన ఫైల్లో లేదు. పైగా విచారణకు హాజరై, ముగిశాక, ఓడాక జాప్యం అంటే కోర్టు వినదు. మెమో వచ్చినప్పుడే అడగాలి. ఒక పేరాలో చెప్పి వదిలేయాల్సిన అంశం.

రిట్ కోర్టు అప్పీలు కోర్టు కాదన్న సంగతి మరవకూడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గెలిచిన శ్రీరామారావు కేసు (1963) నుంచి అదే సూత్రం: కొంతైనా సాక్ష్యం ఉంటే అది చాలా, చాలదా అని హైకోర్టు తూచదు. అందుకే ‘సాక్ష్యం చాలదు’ అని రాయకూడదు. ‘సాక్ష్యమే లేదు’ అని రాసి, రోజువారీ పత్రాలు జతచేసి చూపాలి. మన కేసు నిలబడింది ఆ ఒక్క పాయింటు మీదే.

ప్రార్థన పేరాలో పోయింది

2018 నాటి పిటిషన్ ప్రార్థన పేరాలో, అంటే కోర్టు నుంచి ఏం కావాలో రాసే చోట, అడిగింది ఇంతే: ఉత్తర్వు రద్దు చేసి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని, ‘తత్పర్యవసాన ప్రయోజనాలన్నీ’ (దాని ఫలితంగా రావలసినవన్నీ) ఇప్పించాలి. చూడటానికి నిండుగా ఉంటుంది. ఆఫీసులో, ఆడిట్‌లో దీనికి విలువ లేదు. ఏపీఎస్‌ఆర్‌టీసీ కండక్టర్ నర్సాగౌడ్ కేసులో (2003), తర్వాత అబ్దుల్ కరీం కేసులో (2005) సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సర్వీసు కొనసాగింపుతో పునర్నియామకం అన్నంత మాత్రాన ఆ మధ్యకాలపు ఇంక్రిమెంట్లు వాటంతటవి రావు, తీర్పులో విడిగా చెప్పాలి. రెండూ మన దగ్గరి కేసులే, అయినా పిటిషన్లు రాసేవాళ్లు ఇప్పటికీ పాత ఫార్మాటే దించుతున్నారు.

విచారణకు వచ్చేముందు సవరణ దరఖాస్తు వేసి ప్రార్థనను ఇలా విడగొట్టి ఉండాల్సింది: తొలగింపు కాలాన్ని అన్ని విషయాలకూ డ్యూటీగా పరిగణించాలి, ఇంక్రిమెంట్లు, ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ (పదోన్నతి లేకుండా ఏళ్లు గడిచినవారికి ఇచ్చే పై స్కేలు), 2022 పీఆర్సీ (వేతన సవరణ) కలిపి జీతం పునర్నిర్ధారించాలి, ఆ కాలాన్ని పెన్షన్‌కు అర్హమైన సర్వీసుగా లెక్కించాలి, వెనక జీతం (తొలగింపు కాలానికి రావలసిన జీతం) ఎంత శాతమో చెప్పాలి, వయసు నిండితే ఆ తేదీన విరమణ చేసినట్టు పరిగణించి ప్రయోజనాలు వడ్డీతో చెల్లించాలి. అభియోగంలో కొంత బలం ఉన్న కేసుల్లో ప్రత్యామ్నాయంగా ఇంకొకటి కలపాలి: తొలగింపును నిర్బంధ పదవీ విరమణగా మార్చాలని. ఇది ఓటమి ఒప్పుకోవడం కాదు. రిమూవల్ (తొలగింపు), డిస్మిసల్ (బర్తరఫ్) రెండింటితోనూ గత సర్వీసు మొత్తం జప్తు అవుతుంది (పెన్షన్ రూల్స్ 24వ రూలు), మిగిలేది అధికారి దయమీద ఇచ్చే కారుణ్య భత్యం, అదీ పెన్షన్‌లో మూడింట రెండొంతులకు మించకుండా. నిర్బంధ విరమణలో సర్వీసు పోదు.

వెనక జీతం కోసం అఫిడవిట్‌లో ఒక వాక్యం తప్పనిసరి: తొలగించాక తాను ఎక్కడా లాభదాయకమైన ఉద్యోగం చేయలేదని, లేదా చేసిన చిల్లర పనికి పాత జీతంతో పోలిక లేదని. దీపాలి గుండు సర్వసే కేసు (2013) ప్రకారం ఆ మాట ఉద్యోగి చెప్పాక రుజువు భారం యాజమాన్యం మీదకు మారుతుంది. మన పిటిషన్‌లో ఆ వాక్యం 2018లో లేదు, కౌంటర్‌కు బదులిచ్చే రిజాయిండర్‌లో చేర్చారు. కోర్టు 50 శాతం ఇచ్చింది.

తీర్పు చివరి పేరా ఇలా వచ్చింది: సాక్ష్యం లేనందున ఉత్తర్వు రద్దు, సర్వీసు కొనసాగింపు, 50 శాతం వెనక జీతం, మిగతా ప్రయోజనాలు నిబంధనల ప్రకారం. మళ్లీ విచారణకు అనుమతి ఇవ్వలేదు. ‘నిబంధనల ప్రకారం’ అన్న రెండు మాటల దగ్గర మునిసిపాలిటీ బండి ఆపింది.

ఎఫ్ఆర్ 54–ఎ

కోర్టు రద్దు చేసిన తొలగింపుకు ఫండమెంటల్ రూల్స్‌లో 54–ఎ వర్తిస్తుంది. అందులో రెండు దారులున్నాయి. విధానపు లోపం ఒక్కదాని మీదే రద్దయితే, ఉద్యోగికి నోటీసిచ్చి, పూర్తి కాని కొంత జీతం ఎంతో అధికారి నిర్ణయించవచ్చు. అభియోగం గుణదోషాల మీదే రద్దయితే మధ్యకాలమంతా డ్యూటీ. ఆఫీసు సహజంగానే మొదటి దారి ఎంచుకుంటుంది. మన ఫైల్లో కమిషనర్ అలాగే చేసి, తొలగింపు కాలాన్ని ‘డ్యూటీ కాని కాలం’ అని రాశారు. పెన్షన్ లెక్క విరిగింది అక్కడే.

సమాధానం తీర్పులోనే ఉంది. సాక్ష్యమే లేదన్నది విధానపు లోపం కాదు, అభియోగం రుజువు కాలేదనడమే. ఈ మాటతో కమిషనర్‌కు వినతి, ప్రతి రీజినల్ డైరెక్టర్‌కు, ఇరవై రోజులు చూసి అదే హైకోర్టులో తీర్పుపై స్పష్టత కోరే దరఖాస్తు. కొత్త రిట్ వేస్తే మళ్లీ ఆరేళ్లు. స్పష్టత ఉత్తర్వు వచ్చాక ఆ కాలాన్ని అన్ని విషయాలకూ డ్యూటీగా గుర్తిస్తూ కొత్త ప్రొసీడింగ్స్ ఇచ్చారు.

విరమణ వయసు మీద ఇంకో పేచీ. తొలగించినప్పుడు విరమణ వయసు 60, కాబట్టి 2022 జూన్‌కే సర్వీసు ముగిసిందని ఆఫీసు రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్ల పెంపు 2022 జనవరి 1 నుంచి. ఆ రోజుకు అతనికి 60 నిండలేదు. ఉత్తర్వు రద్దయ్యాక తొలగింపు జరగనట్టే, ఆ రోజున అతను ఉద్యోగంలో ఉన్నట్టే. కాబట్టి 2024 జూన్ 30. తెలంగాణ ఫైళ్లలో ఇదే లెక్క 61 ఏళ్లతో, 2021 మార్చి ఆఖరి నుంచి చూసుకోవాలి.

పెన్షన్ లెక్క

ఆరు నెలల కాలాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటారు. 66 యూనిట్లకు, అంటే 33 ఏళ్లకు, ఆఖరి జీతంలో సగం పూర్తి పెన్షన్. మూడు నెలలు, ఆపైన ఉన్న ముక్కను ఒక యూనిట్‌గా కలుపుతారు.

ఆఫీసు లెక్క: 1991 జూన్ 10 నుంచి 2017 నవంబరు 30 వరకు 26 ఏళ్ల 5 నెలల 20 రోజులు, 53 యూనిట్లు. జీతం 2017లో ఆగిన రూ.30,000. సగం 15,000, దాన్ని 53తో గుణించి 66తో భాగిస్తే రూ.12,045.

సరైన లెక్క: 2024 జూన్ 30 వరకు 33 ఏళ్ల 20 రోజులు, 66 యూనిట్లు. ఏటా ఇంక్రిమెంటు, 2018 జులై 1 నుంచి నోషనల్‌గా (కాగితం మీద మాత్రమే), 2020 ఏప్రిల్ 1 నుంచి నగదుగా అమలైన 2022 పీఆర్సీ కలిపి జీతం రూ.50,000. సగం రూ.25,000.

ఆ 20 రోజులు చూడండి. సస్పెన్షన్ కాలంలో ఒక్క ఆరు నెలలు ‘డ్యూటీ కాదు’ అని రిజిస్టరులో మిగిలినా యూనిట్లు 65కి పడిపోతాయి. అందుకే సస్పెన్షన్ కాలానికి ఎఫ్ఆర్ 54–బి కింద విడిగా ఉత్తర్వు కావాలి. తొలగింపు కాలానికి ఇచ్చిన ఉత్తర్వు దానికి చాలదు. ఎక్కువమంది మరిచేది ఇదే.

మునిసిపల్ ఉద్యోగి పెన్షన్ ప్రతిపాదన వెళ్లేది లోకల్ ఫండ్ ఆడిట్‌కు, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో స్టేట్ ఆడిట్ అంటున్నారు. వాళ్లు తీర్పు నకలు చూసి మంజూరు చేయరు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ చూస్తారు. క్రమం ఇలా పెట్టుకోవాలి: ముందు మధ్యకాలాల ఉత్తర్వులు, ఆ తర్వాత ఇంక్రిమెంట్ల ఎంట్రీలు, పీఆర్సీ ఆప్షన్ ఫారం (గడువు దాటిందంటే తీర్పు చూపి ఆలస్య మన్నింపు అడగాలి), జీతం నిర్ధారణ పట్టిక, సెలవుల ఖాతా సవరణ, చివరిగా నో డ్యూ సర్టిఫికెట్. రూ.1,46,320 జమ చేసిన చలానా నకలు ఆ సర్టిఫికెట్‌కు జత చేయకపోతే అదే పాత ఆడిట్ అభ్యంతరం పెన్షన్ మీదకు మళ్లీ వస్తుంది. తొలగింపు కాలం డ్యూటీ అయితే ఆర్జిత సెలవులు కూడా పోగవుతాయి, 300 రోజుల పరిమితి వరకు నగదు.

గ్రాట్యుటీకి వేరే తలుపు ఉంది

పెన్షన్ రూల్స్ ప్రకారం మూల వేతనం, డీఏ కలిపి రూ.65,000 అనుకుంటే 66 యూనిట్లకు 16.5 రెట్లు, రూ.10,72,500. గ్రాట్యుటీ చట్టం 1972 ప్రకారం అదే 65,000ను 26తో భాగించి 15తో, 33తో గుణిస్తే రూ.12,37,500. ఏది ఎక్కువైతే అది అడగవచ్చు, రెండూ రావు.

పురపాలక ఉద్యోగికి చట్టం వర్తించదని ఆఫీసు వాదిస్తుంది. ఢిల్లీ కార్పొరేషన్ – ధరమ్ ప్రకాశ్ శర్మ (1998), కాన్పూర్ నగర్ నిగమ్ – ముజీబుల్లా ఖాన్ (2019) రెండూ దానికి జవాబు. రెండోది 1982 జనవరి 8 నాటి కేంద్ర నోటిఫికేషన్ స్థానిక సంస్థలకు వర్తిస్తుందని తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వ సర్వీసు నుంచి వచ్చే మునిసిపల్ కమిషనర్ లాంటివారి సంగతి వేరు, మునిసిపాలిటీ సొంత సిబ్బంది సంగతి వేరు.

దారి: ఆఫీసుకు ఫారం ఐ. 30 రోజుల్లో చెల్లించకపోతే కంట్రోలింగ్ అథారిటీ, అంటే అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్, ముందు ఫారం ఎన్. ఆలస్యానికి సాధారణ వడ్డీ 10 శాతం. కోర్టు ఫీజు భారం లేదు, హైకోర్టు రోస్టరు కోసం ఎదురుచూపూ లేదు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత విరమించేవారు ఫారాల పేర్లు కొత్త నియమాల్లో చూసుకోవాలి.

తొలగింపు సక్రమమే అయినా ఈ చట్టం కింద గ్రాట్యుటీ దానంతటదే పోదు. 4(6) సెక్షన్ కింద నోటీసిచ్చి విడిగా ఉత్తర్వు వేయాలి. నష్టం కలిగించాడంటే ఆ నష్టం మేరకే. నైతిక పతనం కిందకొచ్చే నేరమైతే పూర్తిగా కూడా ఆపవచ్చు, దానికి క్రిమినల్ శిక్ష పడి ఉండనక్కర్లేదని 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఫైల్లో అలాంటి ఉత్తర్వే లేదు, డబ్బు జమ అయ్యింది కాబట్టి నష్టమూ లేదు. 2018లోనే హక్కులకు భంగం లేకుండా అని రాసి ఫారం ఐ పెట్టి ఉంటే, 2017 నాటి జీతం డీఏతో రూ.39,000 అనుకున్నా 26 ఏళ్లకు రూ.5,85,000 చేతికొచ్చేది. ఆరేళ్లు కేసు నడిపే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

తీర్పు అమలు

‘రిట్ అప్పీలు వేస్తున్నాం’ అనే జవాబుకు విలువ లేదు. అప్పీలు వేయడం స్టే కాదు. గడువు 30 రోజులు, దాటితే మన్నింపు అడగాలి. ఉద్యోగి వైపు గడువు ఇంకా ముఖ్యం: కోర్టు ధిక్కార పిటిషన్‌కు ఏడాది మాత్రమే. వినతులు పంపుతూ, ‘ఫైలు రీజినల్ ఆఫీసులో ఉంది’ అని వింటూ ఆ ఏడాది దాటించేవాళ్లు చాలామంది. తీర్పు నకలు అందిన వారంలో రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచి, ఎనిమిదో నెల తిరిగేసరికి ధిక్కార పిటిషన్ సిద్ధంగా ఉంచుకోవాలి. మధ్యలో ఉద్యోగి చనిపోతే కుటుంబ సభ్యులు కేసులో చేరి బకాయిలు, ఫ్యామిలీ పెన్షన్ అడగవచ్చు.

ఔట్‌సోర్సింగ్, ఎన్ఎంఆర్ (మస్టర్ రోల్ మీద దినకూలీ) సిబ్బందికి ఈ దారి కాదు. వాళ్లకు సీసీఏ రూల్స్ వర్తించవు. 240 రోజుల పని చూపి, నోటీసు, ఏడాదికి 15 రోజుల పరిహారం లేకుండా తీసేశారని పారిశ్రామిక వివాదం లేవనెత్తాలి. గాజియాబాద్ నగర్ నిగమ్ తోటమాలుల కేసులో (శ్రీపాల్, 2025 జనవరి) వివాదం పెండింగులో ఉండగా నోటి మాటతో తీసేసినవాళ్లకు సుప్రీంకోర్టు పునర్నియామకంతోపాటు 50 శాతం వెనక జీతం ఇచ్చింది. మస్టర్ రోల్ నకళ్లు లేకపోతే బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్ ఖాతా వివరాలే ఆధారం.

బకాయిలు ఒకేసారి జమ అయిన ఏడాది పన్ను ఎక్కువ కోస్తారు. రిటర్ను వేసేముందే ఆన్‌లైన్‌లో ఊరట ఫారం నింపితే (1961 ఆదాయపు పన్ను చట్టంలో ఫారం 10ఇ, 89వ సెక్షన్) ఆ భారం ఏయే ఏళ్లకు చెందిన జీతమో ఆయా ఏళ్లకు సర్దుబాటవుతుంది. దానికి ఏడాదివారీ బకాయిల పట్టిక కావాలి. బిల్లు పాసయ్యే రోజే అకౌంట్స్ సెక్షన్ దగ్గర సంతకంతో తీసుకోవాలి.